దక్షిణ ఫ్రాన్స్‌లో వసంతం, నాలుగు రోజులు: నీస్, మార్సెయ్, అవిన్యోన్, తులూజ్‌లలో మీకు ఏది సరిపోతుంది?

"ఏప్రిల్‌లో నాలుగు రోజులు సెలవు కలిసొస్తోంది, ఫ్రాన్స్ దక్షిణం వైపు వెళ్దామనుకుంటున్నాం, నీస్ మంచిదా మార్సెయ్ మంచిదా?" నేను లియోన్‌లో ఉంటానని తెలిసిన మనవాళ్లు ఏటా ఫిబ్రవరి చివర్లో ఈ ప్రశ్న అడుగుతారు. ఒకళ్లు మ్యూనిక్ నుంచి, ఒకళ్లు డబ్లిన్ నుంచి, పారిస్‌లో చదువుకునే పిల్లలైతే నలుగురైదుగురు. నేను ముందు అడిగేది ఒకటే, మీతో ఎవరొస్తున్నారు అని. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకీ, ఇద్దరే వెళ్లే కొత్త దంపతులకీ, భుజాన బ్యాగుతో ఒంటరిగా తిరిగే స్టూడెంట్‌కీ ఒకే ఊరు సరిపోదు. ఊరెంత అందంగా ఉందనేది ఆ తర్వాతి సంగతి, ఎలాగూ నాలుగూ అందమైనవే.

రెండో మాట కూడా ముందే చెప్పేస్తాను. మూడు రాత్రులకి మూడు ఊళ్లు పెట్టుకోకండి. పొద్దున్నే పెట్టె సర్దడం, హోటల్ ఖాళీ చేయడం, స్టేషన్‌లో లగేజీ ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడం, కొత్త హోటల్‌లో మూడింటి దాకా గది ఇవ్వరని తెలుసుకోవడం, ఇలా సగం రోజు పోతుంది. ఒక్క ఊళ్లో మకాం వేసి అక్కణ్నుంచి రైల్లో పక్క ఊళ్లు చూసి రావడం ఎంతో హాయి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

గాలి. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, నన్నడిగితే మొదట చూడాల్సింది ఇదే. వసంతమంటే మనకి ఉగాది, వేపపువ్వు, ముదురుతున్న ఎండ. అక్కడ ఏప్రిల్ అలా ఉండదు. మధ్యాహ్నం 17, 18 డిగ్రీలు, రాత్రికి 10 లోపు. దీనికి తోడు మిస్త్రాల్ అనే చలిగాలి ఒకటుంది. ఉత్తరం నుంచి రోన్ నది లోయ వెంబడి దిగి సముద్రం మీద పడుతుంది, విసురు ఎక్కువైతే గంటకి 100 కిలోమీటర్లు కూడా దాటుతుంది. ఇది వీచేటప్పుడు ఆకాశంలో మబ్బు తునక ఉండదు. ఫోన్‌లో సూర్యుడి బొమ్మ, 18 డిగ్రీలు అని చూసి పల్చటి చొక్కాతో బయటికొస్తే పళ్లు కటకటమంటాయి. అవిన్యోన్, దాని పక్కనున్న ఆర్ల్, మార్సెయ్ మూడూ దాని దారిలోనే ఉన్నాయి. నీస్ చాలావరకు తప్పించుకుంటుంది, చుట్టూ కొండలు అడ్డు. తులూజ్ ఈ దారిలో లేదు గానీ దానికి ఓతాన్ అని ఆగ్నేయం నుంచి వచ్చే గాలి వేరే ఉంది, పైగా ఏప్రిల్, మే నెలల్లో అక్కడ వానలు బాగానే పడతాయి. అందుకే వాతావరణం చూసేటప్పుడు ఎండ బొమ్మతో పాటు గాలి వేగం అంకె కూడా చూడండి.

స్టేషన్ ఎక్కడుంది. టీజీవీ అంటే ఇక్కడి వేగం రైలు, ఊరి పేరు పక్కన "టీజీవీ" అని ఉంటే అది ఊరి బయటి స్టేషన్ అయ్యే అవకాశమే ఎక్కువ. అవిన్యోన్ టీజీవీలో దిగితే ఊళ్లోకి ఇంకో చిన్న రైలు ఎక్కాలి, అయిదారు నిమిషాలే కాబట్టి ఇబ్బంది లేదు. మార్సెయ్ దగ్గర్లోని ఎక్స్ అనే ఊరి టీజీవీ స్టేషన్ మాత్రం ఊరికి చాలా దూరం, బస్సు ఎక్కాల్సిందే. మోంపెలియేలో సేన్ రోక్ స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉంటుంది, సుద్ ద ఫ్రాన్స్ అనేది ఊరి బయట. "నీమ్ పోన్ దు గార్" అని 2019లో ఒక స్టేషన్ వచ్చింది, ఆ పేరు చూసి పోన్ దు గార్ అనే పురాతన వంతెన పక్కనే దిగుతామనుకునేరు. అక్కణ్నుంచి వంతెన చాలా దూరం, నీమ్ ఊరు కూడా పక్కన కాదు.

మెట్లు, ఎత్తుపల్లాలు. పెద్దవాళ్లున్నా, స్ట్రోలర్‌లో పాపాయి ఉన్నా దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

తిండి, తినే వేళ. శాకాహారులైతే ఊరిని బట్టి చాలా తేడా ఉంటుంది. మాంసం తినేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి, మధ్యాహ్నం రెండు దాటితే చాలా చోట్ల వంటగది కట్టేస్తారు, మళ్లీ రాత్రి ఏడుకే తెరుస్తారు. మనలా మూడింటికి భోజనానికి వెళ్తే కాఫీ మాత్రమే దొరుకుతుంది. ఆదివారం రాత్రి, సోమవారం అయితే చాలా రెస్టారెంట్లు మూసే ఉంటాయి.

ముందు ఒక్క చూపులో:

| | నీస్ | మార్సెయ్ | అవిన్యోన్ | తులూజ్ |
|---|---|---|---|---|
| పారిస్ నుంచి టీజీవీలో | ఆరు గంటలకి కాస్త తక్కువ | మూడు గంటల పైచిలుకు | రెండు గంటల 40 నిమిషాలు | నాలుగున్నర గంటలు |
| వసంతంలో ఇబ్బంది | ధరలు, మే నెల రద్దీ | గాలి | ఇంకా ఎక్కువ గాలి | వాన |
| నడక | చదును, కొండకి లిఫ్ట్ | ఎత్తుపల్లాలు, మెట్లు | చిన్న ఊరు, కోటలో మాత్రం మెట్లు | చదును, మెట్రో ఉంది |
| శాకాహారం | బాగుంది | బాగుంది | కాస్త వెతకాలి | వెతకాలి |
| రైల్లో పక్కన చూసేవి | విల్‌ఫ్రాంష్, మొనాకో, మంతోన్ | కాసీస్, ఎక్స్ | ఆర్ల్, నీమ్ | కార్కసోన్, ఆల్బి |
| ఎన్ని రాత్రులు | 3 లేదా 4 | 3 | 2 లేదా 3 | 2 లేదా 3 |

## నీస్

అమ్మానాన్నలతో వెళ్తుంటే నేను చెప్పేది ఇదే. విమానాశ్రయం ముందే రెండో నంబరు ట్రాము ఎక్కితే నేరుగా ఊళ్లోకి వస్తుంది. సముద్రం పక్కనే ప్రొమెనాద్ దేజాంగ్లే అనే పొడవాటి నడకదారి, అంతా చదును, కూర్చోవడానికి నీలం రంగు కుర్చీలు వేసి ఉంటాయి. పాత ఊరి పక్కనున్న కోట కొండకి ఉచితంగా లిఫ్ట్ ఉంది. ఇది తెలియక ముసలివాళ్లని ఆ మెట్లన్నీ ఎక్కించినవాళ్లని చూశాను. కొండ మీద పేరుకి కోట అంటారు గానీ కోటేమీ మిగల్లేదు, తోట, చిన్న జలపాతం, కింద వంపు తిరిగిన నీలి సముద్రం, ఆ దృశ్యం కోసమే ఎక్కాలి.

ఇంగ్లాండ్ నుంచి చలికాలం గడపడానికి వచ్చిన డబ్బున్నవాళ్ల వల్ల పెరిగిన ఊరిది. 1860లో గానీ ఫ్రాన్స్‌లో శాశ్వతంగా కలవలేదు, అందుకే పాత ఊరి గోడల రంగులూ సందులూ ఇటలీని గుర్తుకు తెస్తాయి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా వచ్చింది.

ఇక సోకా గురించి చెప్పకుండా ఉండలేను. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పిండిని జారుగా కలిపి, బండి చక్రమంత రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలోకి తోస్తారు. అంచులు నల్లగా మాడి, మధ్యలో మెత్తగా, పైన అక్కడక్కడా బుడగలు పేలిన మచ్చలతో బయటికొస్తుంది. దాన్ని గరిటెతో గీరి ముక్కలుగా కాగితంలో వేసి, మిరియాలపొడి చల్లి ఇస్తారు, వేళ్లు కాలుతుండగానే తినాలి. మా అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని "ఇది మన శనగపిండి అట్టే కదరా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయలేదంతే" అంది, రెండో పొట్లం తనే వెళ్లి వేలు చూపించి తెచ్చుకుంది. శాకాహారులు పిసలాదియేర్ దగ్గర మాత్రం జాగ్రత్త. చూడ్డానికి ఉల్లిపాయ రొట్టెలా ఉంటుంది, పైన ఉండేవి చిన్న ఉప్పుచేపలు. పాన్ బాన్యా అనే శాండ్‌విచ్‌లోనూ చేప ఉంటుంది.

తూర్పు వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కితే కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం అటే. విల్‌ఫ్రాంష్ పది నిమిషాల లోపే, అక్కడి చిన్న ఇసుక తీరం నీస్‌లోని గులకరాళ్ల బీచ్ కన్నా పిల్లలకి వంద రెట్లు నయం. మంతోన్ నిమ్మతోటల ఊరు, ఇంకో అరగంట. అక్కణ్నుంచి సరదాగా ఇటలీలోకి వెళ్లొద్దామనుకుంటే పాస్‌పోర్టూ రెసిడెన్స్ కార్డూ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి, తిరుగు రైల్లో ఫ్రెంచ్ పోలీసులు తనిఖీ చేస్తారు.

ఇబ్బంది ఖర్చు దగ్గరే. మే మధ్యలో పక్కనే కాన్ సినిమా ఉత్సవం, ఆ తర్వాత మొనాకో కార్ల రేసు, ఆ రోజుల్లో గదుల ధరలు చూస్తే గుండె ఆగుతుంది. నీస్ అనుకుంటే ఏప్రిల్‌లోనే వెళ్లండి. ఈత మీద ఆశ మాత్రం పెట్టుకోకండి, ఏప్రిల్‌లో సముద్రం నీళ్లు 15 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఇంకోటి, మతీస్, షగాల్ అనే చిత్రకారుల మ్యూజియంలు రెండూ మంగళవారం మూస్తారు.

## మార్సెయ్

మన పేపర్లలో మార్సెయిల్స్ అని రాసేది ఈ ఊరి పేరే. నాకు ఈ నాలుగిట్లో బాగా ఇష్టమైంది ఇది, అయినా అందరికీ చెప్పను. ఎత్తుపల్లాలు, రద్దీ, గోడల నిండా రాతలు, కొన్ని వీధుల్లో చెత్త, ఇవన్నీ ఉంటాయి. శుభ్రంగా, ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్లు మొదటి రోజే ముఖం మాడ్చుకుంటారు. హైదరాబాద్ పాతబస్తీలో, విజయవాడ వన్‌టౌన్‌లో తిరగడం ఇష్టమున్నవాళ్లకి ప్రాణం లేచొస్తుంది.

క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు వచ్చి కట్టుకున్న రేవు ఇది. పాత రేవులో ఇప్పటికీ పొద్దున్నే చేపల బల్లలు పెడతారు. సేన్ షార్ల్ స్టేషన్ బయటికి రాగానే 104 మెట్ల పెద్ద మెట్లదారి, అక్కడ నిలబడి చూస్తే ఎదురుగా కొండ మీద నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చి. ఆ కొండ నడిచి ఎక్కాల్సిన పనిలేదు, పాత రేవు నుంచి 60వ నంబరు బస్సు పైదాకా వెళ్తుంది. 2013లో తెరిచిన మ్యూసెమ్ మ్యూజియంలో ప్రదర్శనలకి టికెట్ ఉంది గానీ, పైకప్పు మీదికీ, అక్కణ్నుంచి సన్నటి వంతెన మీదుగా పాత కోటలోకీ నడవడానికి డబ్బులు అక్కర్లేదు. సాయంత్రం ఆరు గంటల ఎండలో ఆ వంతెన దాటండి. మంగళవారం మాత్రం మూసి ఉంటుంది.

నొవాయ్ అనే బజారు పేట స్టేషన్‌కి నడక దూరంలోనే. ఉత్తర ఆఫ్రికా వాళ్ల దుకాణాలు, ఎండుమిర్చి, జీలకర్ర, కొత్తిమీర కట్టలు, బెండకాయలు, వేడి రొట్టెలు. శాకాహారులకి కూరగాయల కుస్‌కుస్ కడుపునిండా దొరుకుతుంది. శనగపిండితోనే చేసే పనీస్ అనే వేపుడు ముక్కలు ఇక్కడివే.

వసంతంలో మార్సెయ్ వెళ్లడానికి అసలు కారణం కలాంక్‌లు. తెల్ల సున్నపురాయి కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలు, 2012లో నేషనల్ పార్క్ చేశారు. వేసవిలో కార్చిచ్చు భయంతో దారులు మూసేస్తుంటారు, ఎండ కూడా మాడ్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో హాయిగా నడవొచ్చు. లుమినీ దాకా సిటీ బస్సు, అక్కణ్నుంచి సుజితోన్ అనే కలాంక్ వైపు గంట లోపు నడక, దిగేటప్పుడు రాళ్లు జారతాయి కాబట్టి మంచి బూట్లు, నీళ్లు తప్పనిసరి, దారిలో దుకాణాలు ఉండవు. గాలి ఎక్కువున్న రోజు ఊరికి ఎదురుగా ఉన్న దీవులకి వెళ్లే పడవలు కూడా నడవవు, అందుకే కలాంక్‌నీ పడవనీ చివరి రోజుకి వదిలేయకండి.

మనకి ఈ ఊరితో ఒక పాత ముడి కూడా ఉంది. 1910 జులైలో సావర్కర్ ఓడలోంచి దూకి ఈదుకొచ్చి మళ్లీ పట్టుబడింది ఈ తీరంలోనే. 1914 సెప్టెంబర్ చివర్లో మొదటి ప్రపంచయుద్ధానికి వచ్చిన భారత సైనికులు ఓడలు దిగింది ఇక్కడే. మజార్గ్ శ్మశానవాటికలో ఆ సైనికుల స్మారకం ఉంది. కలాంక్‌లకి వెళ్లే దారిలోదే, ఓ అరగంట ఆగి వెళ్లండి. ఇంత దూరం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు వాళ్లు.

ఫోన్ జాగ్రత్త. రద్దీలో మా ఫ్రెండ్ చేతిలోంచి ఒకడు లాక్కుని పరిగెత్తాడు, మూడు రోజుల ట్రిప్‌లో ఒక రోజంతా పోలీస్ కంప్లయింటుకీ సిమ్ బ్లాక్ చేయించడానికీ పోయింది. వీధిలో మ్యాప్ చూసుకోవాలంటే గోడ పక్కకి జరిగి చూసుకోండి, రాత్రి స్టేషన్ చుట్టుపక్కల ఊరికే తిరగకండి. గది పాత రేవుకి దగ్గర్లో తీసుకుంటే సగం టెన్షన్ ఉండదు.

## అవిన్యోన్

చరిత్ర ఇష్టమున్నవాళ్ల ఊరు. 1309 నుంచి 1377 దాకా పోపులు రోమ్‌లో కాకుండా ఇక్కడే ఉన్నారు, వరసగా ఏడుగురు. వాళ్ల కోట, ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్లకి పైగా ప్రాకారం, రోన్ నది మీద సగంలో ఆగిపోయిన వంతెన. ఒకప్పుడు 22 కమానులు, వరదలకి పోగా 4 మిగిలాయి.

మొదటిసారి అమ్మానాన్నలని తీసుకొచ్చింది ఈ ఊరికే, ఏప్రిల్ రెండో వారం. కోట పక్కనున్న రోషే దె దోమ్ తోట ఎక్కేసరికి మిస్త్రాల్ మొదలైంది. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని రెయిలింగుకి ఆనుకుని నిలబడిపోయింది, ముందుకి అడుగు పడట్లేదు. నాన్న తన మఫ్లర్ విప్పి అమ్మ తలకి చుట్టాడు. ఎదురుగా నది, విరిగిన వంతెన, దూరంగా తెల్లటి వాంతూ కొండ, అన్నీ కడిగినట్టు కనిపిస్తున్నాయి, చూసే స్థితిలో మాత్రం ఎవరూ లేరు. మర్నాడు గాలి ఆగాక అదే చోట గంట సేపు కూర్చున్నారు. కాబట్టి ఇక్కడికొస్తే కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి, ఒక్క రోజు ట్రిప్‌గా వచ్చి గాలిలో ఇరుక్కుంటే ఊరి మీదే కోపం వస్తుంది. కోట లోపల మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లకి అదీ కష్టమే.

అవిన్యోన్ బలం దాని చుట్టుపక్కల. ఆర్ల్ రైల్లో ఇరవై నిమిషాలు. రోమన్ల కాలం నాటి రంగస్థలం, వాన్ గో 1888, 89లలో ఉండి బొమ్మలు గీసిన వీధులు, శనివారం పెద్ద సంత. నీమ్‌లో ఆ కాలపు గుడి మెసోన్ కారే దాదాపు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, 2023లో యునెస్కో జాబితాలో చేరింది. ఇక పోన్ దు గార్, బస్సులో వెళ్లాలి. మూడు వరసల కమానులు, 49 మీటర్ల ఎత్తు, నీమ్‌కి మంచినీళ్లు తీసుకెళ్లడానికి రెండు వేల ఏళ్ల కిందట కట్టింది. ఆ కాలువ మొత్తం పొడవు 50 కిలోమీటర్లు, అంత దూరంలో వాలు 12 మీటర్ల పైచిలుకు మాత్రమే. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఆ అంకె తెలుసుకుని కింద నిలబడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, మా నాన్నకి తిరిగాయి, నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాడు.

రాత్రి తొమ్మిదికి ఊరు నిద్రపోతుంది. సందడి కావాలనుకునే కుర్రాళ్లకి ఇది కాదు.

## తులూజ్

ఎర్ర ఇటుకల ఊరు, సాయంత్రం గులాబీ రంగుకి తిరుగుతుంది. పదిహేను, పదహారో శతాబ్దాల్లో ఇక్కడ పాస్తెల్ అనే మొక్క నుంచి నీలం రంగు తీసి యూరప్ అంతా అమ్మేవారు, ఆ డబ్బుతో కట్టిన భవనాల్లో ఒకటి ఓతెల్ దాసెజా. తర్వాత మన దేశం నుంచి నీలిమందు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బకొట్టింది.

పిల్లలుంటే ఈ ఊరిని గట్టిగా ఆలోచించండి. సితే ద లెస్పాస్ అనే అంతరిక్ష పార్కులో ఆరియాన్ 5 రాకెట్ నమూనా అసలు సైజులో నిలబెట్టి ఉంది, ఒక రోజంతా గడిచిపోతుంది. ఎయిర్‌బస్ ఫ్యాక్టరీ టూర్‌కి చాలా ముందుగా బుక్ చేసుకోవాలి, పాస్‌పోర్ట్ ఒరిజినల్ తీసుకెళ్లాలి. వానొస్తే లోపల చూసేవి ఇన్ని ఉండటం ఈ ఊరికి కలిసొచ్చే విషయం. ఆకలేస్తే మాత్రం శాకాహారులకి ఇబ్బంది, ఇక్కడి పేరున్న వంట కాసులేలో చిక్కుడు గింజల కన్నా మాంసానిదే పెత్తనం. రైలు పారిస్‌లో గార్ ద లియోన్ నుంచి కాదు, మోంపర్నాస్ నుంచి బయల్దేరుతుందని మర్చిపోకండి.

మోంపెలియే గురించీ అడుగుతారు. స్టూడెంట్ల ఊరు, 1220 నుంచి వైద్యవిద్య నడుస్తోంది, సాయంత్రాలు భలే ఉంటాయి. అక్కడ స్నేహితులుంటే వెళ్లండి, లేకపోతే పై నాలుగింటి తర్వాతే. ఎక్స్ మార్సెయ్ నుంచి ఒక పూట చూస్తే చాలు. యానాంలో పూర్వీకులున్నవాళ్లకి మాత్రం అది వేరే ఊరు, అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లోనే ఫ్రెంచి కాలపు యానాం జనన మరణ వివాహ రికార్డులున్నాయి.

## మరి ఎవరికి ఏది?

పెద్దవాళ్లతో అయితే నీస్, ధర ఎక్కువైనా సరే. అయిదేళ్లు దాటిన పిల్లలతో తులూజ్, ఇంకా చిన్నవాళ్లయితే నీస్. స్టూడెంట్లకి మార్సెయ్, రైలు దగ్గర, తిండి చవక, కొండల్లో నడవడానికి టికెట్ లేదు. ఇద్దరే వెళ్తూ పుస్తకాలూ పాత కట్టడాలూ ఇష్టమైతే అవిన్యోన్. అయిదు రాత్రులు దొరికితే అవిన్యోన్‌లో రెండు, మార్సెయ్‌లో మూడు పెట్టుకోండి, రెండూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. తులూజ్‌నీ నీస్‌నీ ఒకే ట్రిప్‌లో కలపకండి, ఒక రోజంతా రైల్లోనే పోతుంది.

తేదీలు ఖాయం చేసే ముందు క్యాలెండర్ తీయండి. మే 1న దాదాపు అన్నీ బంద్, చాలా ఊళ్లలో ట్రాములు, బస్సులు కూడా ఆగిపోతాయి లేదా బాగా తగ్గిపోతాయి. మే 8 సెలవు, అసెన్షన్ అనే క్రైస్తవ పండగ వచ్చే గురువారం సెలవు, వాటికి శుక్రవారం కలుపుకుని ఫ్రెంచి వాళ్లంతా బయల్దేరతారు. ఈస్టర్‌కి ఆర్ల్‌లో, పెంతకోస్తుకి నీమ్‌లో ఎద్దుల పండగలు, ఆ రోజుల్లో గది దొరకడం కష్టం. రైలు టికెట్లు ఆలస్యం చేసేకొద్దీ రేటు పెరుగుతుంది. వీగో అనే చవక రైళ్లున్నాయి గానీ లగేజీ నియమాలు చదివి కొనండి. లండన్, డబ్లిన్ నుంచి భారత పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లకి షెంగెన్ వీసా కావాలి, ఫీజు 90 యూరోలు. వసంతానికి అపాయింట్‌మెంట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి ముందు అది చూసుకుని తర్వాతే హోటల్‌కి డబ్బు కట్టండి.

ఈ ఏప్రిల్‌లో అమ్మావాళ్లు మళ్లీ వస్తున్నారు. నీస్‌కి టికెట్లు తీసేశాను, గది పాత ఊరికి దగ్గర్లోనే. సోకాలోకి కాస్త కొరివికారం తెస్తానంది అమ్మ.